ఈవీఎంలో తప్పు జరిగితే మనకెలా తెలుస్తుంది?

ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఓ పది రోజులు ఇదే గొడవ. ఓడినవాళ్లు ఈవీఎంలను ఏదో చేశారంటారు, గెలిచినవాళ్లు ఓటమిని ఒప్పుకోలేక ఇలా మాట్లాడుతున్నారంటారు, మరో ఐదేళ్లకు ఫలితం తిరగబడితే మాటలూ తిరగబడతాయి. మన దగ్గర ఇది కళ్లారా చూసిందే. 2019లో సగం వీవీప్యాట్‌ల (వేసిన ఓటుని చీటీ మీద ప్రింట్ చేసే పెట్టెల) స్లిప్పులు లెక్కపెట్టించాలని చంద్రబాబు నాయుడు మరో 20 మంది ప్రతిపక్ష నేతలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024లో ఓడిపోయాక బ్యాలెట్ పేపరుకే వెళ్లాలన్నది జగన్మోహన్ రెడ్డి. అంతకు ముందు 2009 ఎన్నికల తర్వాత అనుమానాలు లేవనెత్తినవాళ్లలో బీజేపీ నేతలూ ఉన్నారు. బ్యాలెట్ పేపరు కావాలని కేఏ పాల్ వేసిన పిటిషన్‌ని 2024 నవంబరులో కొట్టేస్తూ సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా ఈ సంగతే ఎత్తిచూపింది, గెలిస్తే బాగానే ఉంటాయి, ఓడితేనే ట్యాంపరింగ్ అంటారని.

పార్టీల తీరు గురించి ఆ మాట నిజమే. కానీ యంత్రం గురించి అది ఏమీ చెప్పదు. అసలు గెలిచినవాడిని ఒప్పించాల్సిన పని ఏ ఎన్నికల పద్ధతికీ ఉండదు, వాడు ఎలాగూ ఒప్పుకుంటాడు. ఒప్పించాల్సింది ఓడినవాడిని, వాడికి ఓటేసిన లక్షల మందిని. అందుకే ఈ వ్యాసంలో "ఈవీఎంని హ్యాక్ చేయొచ్చా" అన్న ప్రశ్న కన్నా ఇంకో ప్రశ్న మీద ఎక్కువసేపు ఉందాం. ఎక్కడైనా తప్పు జరిగితే, కావాలని జరిగినా పొరపాటున జరిగినా, అది బయటపడే దారి ఉందా, బయటపడితే జవాబు చెప్పాల్సింది ఎవరు?

## ముందు యంత్రం సంగతి

మనం ఈవీఎం అంటున్నది మూడు పెట్టెల సెట్టు. మనం మీట నొక్కేది బ్యాలెట్ యూనిట్. ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర, అంటే అధికారుల బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్, ఓట్లు దాని మెమొరీలోనే ఉంటాయి. మూడోది వీవీప్యాట్, మనం నొక్కిన అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీని ప్రింట్ చేసి, అద్దం వెనక 7 సెకన్లు చూపించి, కింద డబ్బాలో పడేస్తుంది. ఆ చీటీ మన చేతికి ఇవ్వరు. ఇస్తే ఎవరికి ఓటేశావో చూపించు, డబ్బు తీసుకో అనేవాళ్లకి అంతకన్నా మంచి రసీదు ఉండదు కాబట్టి.

వీటిని తయారు చేసేది రెండే ప్రభుత్వ రంగ సంస్థలు, బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లు పడతాయి. ఇప్పటి ఎం3 రకంలో 24 బ్యాలెట్ యూనిట్ల వరకు కలపొచ్చు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది, ఎక్కువగా పసుపు, ఎర్రజొన్న రైతులే, పోటీలో నిలిచారు కదా, అప్పుడు ఒక్కో పోలింగ్ స్టేషన్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది.

ఈ యంత్రాలకు ఇంటర్నెట్ లేదు, బ్లూటూత్ లేదు, వైఫై లేదు. కరెంటు కూడా బ్యాటరీదే. కాబట్టి ఎక్కడో విదేశంలో కూర్చుని ఎవరో లాప్‌టాప్‌లో ఓట్లు మార్చేశారన్న కథ ఈ యంత్రం విషయంలో పొసగదు. దీన్ని మార్చాలంటే ఎవరో ఒకరు దాని దగ్గరికి రావాలి, చేత్తో తాకాలి, లేదా దాని లోపలికి వెళ్లే దాన్ని దేన్నైనా ముందే మార్చి ఉండాలి. చర్చంతా ఉండాల్సింది ఇక్కడ.

ఒక్క చరిత్ర ముక్క చెప్పి ముందుకు వెళ్దాం. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ స్టేషన్లలో తొలిసారి ఈ యంత్రాలు పెట్టారు. 123 ఓట్ల తేడాతో ఫలితం వచ్చింది. ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్లారు, యంత్రంతో ఓటేయించడానికి చట్టంలో వీలే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ 50 చోట్లా పేపరుతో మళ్లీ పోలింగ్ పెట్టమంది, ఈసారి ఆయనే గెలిచారు. అప్పుడు యంత్రం తప్పు చేసిందని కోర్టు అనలేదు, చట్టం లేదంది, అంతే. ఆ తర్వాత చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చారు, 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా ఈవీఎంలే అయ్యాయి. పేపరు చీటీ మాత్రం వెంటనే రాలేదు. 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ తప్పనిసరి అన్నాక, మెల్లగా పెంచుతూ వచ్చి 2019లో అన్ని పోలింగ్ స్టేషన్లకూ చేర్చారు. మధ్యలో 2004, 2009, 2014 లోక్‌సభ ఎన్నికల్లో దాదాపు అన్ని చోట్లా కంట్రోల్ యూనిట్ చూపించిన అంకెను సరిచూసుకోవడానికి రెండో ఆధారం ఏదీ లేదు.

## "హ్యాక్" అనే ఒక్క మాట కింద ఎన్ని సంగతులు కలిసిపోయాయి

ఒకటి, యంత్రంలోని భాగాల్ని మార్చడం. 2010లో హైదరాబాద్ ఇంజనీర్ వేమూరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ కలిసి నిజమైన ఈవీఎం మీద రెండు రకాల దాడులు చేసి చూపించారు. అంకెలు చూపించే డిస్‌ప్లే భాగాన్ని తీసేసి అచ్చం అలాగే ఉండే వేరే భాగం పెడితే, లోపల ఓట్లు ఎన్ని ఉన్నా బయటికి తాము అనుకున్న అంకె చూపించవచ్చని ఒకటి. పోలింగుకీ లెక్కింపుకీ మధ్య మెమొరీకి చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చని రెండోది. వాళ్ల చేతికి ఆ యంత్రం ఎలా వచ్చిందన్న దాని మీద కేసు పెట్టి హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు, తర్వాత బెయిల్ వచ్చింది. ఎన్నికల సంఘం (ఈసీ) అప్పుడూ ఇప్పుడూ చెప్పేది ఏంటంటే, విడిగా ఒక యంత్రం చేతిలో పెట్టుకుని విప్పడం వేరు, సీళ్లు, కాపలా, పార్టీల ఏజెంట్లు ఉన్న వ్యవస్థలో ఆ పని చేయడం వేరు అని. రెండు పక్షాలూ చెప్పింది నిజమే. ప్రయోగం చూపించింది యంత్రం బలహీనత, ఈసీ చెప్పేది చుట్టూ ఉన్న కాపలా బలం. ఇప్పుడు వాడుతున్నవి 2013 తర్వాతి ఎం3 యంత్రాలు. ఎవరైనా విప్పబోతే పనిచేయకుండా ఆగిపోయే ఏర్పాటు వీటిలో ఉందని ఈసీ అంటుంది. అయితే బయటి పరిశోధకులు 2010 నాటి ప్రయోగంలా స్వేచ్ఛగా వీటిని విప్పి పరీక్షించే అవకాశం ఇప్పటికీ లేదు. 2017లో ఈసీ పార్టీలను పిలిచి సవాలు విసిరింది, సీపీఎం, ఎన్సీపీ మాత్రమే వచ్చాయి, వచ్చినవాళ్లు కూడా ట్యాంపరింగ్ ప్రయత్నం చేయలేదు. ఆ సవాలులో యంత్రాన్ని విప్పి లోపలి భాగాల్ని మార్చడానికి ఒప్పుకోలేదు కాబట్టి, దాన్ని పూర్తి పరీక్ష అనడం కష్టం.

రెండోది లోపలివాళ్ల సంగతి. ఈవీఎంకి అభ్యర్థులెవరో తెలియదు, దానికి తెలిసింది మీట నంబరు మాత్రమే, ఏ నంబరు ఏ పార్టీకి వస్తుందో తయారీ అప్పుడు ఎవరికీ తెలియదు, కాబట్టి ముందే మోసం చేయడం కుదరదని ఈసీ వాదన. చాలా బలమైన వాదనే. కాకపోతే వీవీప్యాట్ వచ్చాక ఒక చిన్న మార్పు వచ్చింది. చీటీ మీద పేరు, గుర్తు ప్రింట్ కావాలంటే ఆ వివరాలు యంత్రంలోకి ఎక్కించాలి కదా. నామినేషన్లు తేలాక సింబల్ లోడింగ్ యూనిట్ అనే చిన్న పరికరంతో ఎక్కిస్తారు. అంటే పోలింగుకి కొద్ది రోజుల ముందు బయటి నుంచి ఒక ఫైలు లోపలికి వెళ్తోంది. పార్టీల ప్రతినిధుల ముందే ఎక్కిస్తారు, తెర మీద చూపిస్తారు, ఆ ఫైల్లో ఉండేది బొమ్మలూ పేర్లే, దాంతో ప్రోగ్రాం మారదు అని ఈసీ, సుప్రీంకోర్టు రెండూ అన్నాయి. విమర్శకులు మాత్రం, యంత్రానికి ఏ అభ్యర్థీ తెలియదన్న పాత వాదన మునుపటంత గట్టిగా లేదంటారు.

మూడోది, యంత్రంతో సంబంధమే లేనివి యంత్రం ఖాతాలో పడటం. 2024లో ముంబై నార్త్ వెస్ట్ లోక్‌సభ స్థానం 48 ఓట్ల తేడాతో తేలింది. లెక్కింపు కేంద్రంలో ఒకరు ఫోన్ వాడారని, ఆ ఫోన్‌కి వచ్చిన ఓటీపీతో ఈవీఎం తెరిచారని ఒక పత్రిక రాసింది, దేశమంతా పాకిపోయింది. ఆ ఓటీపీ లెక్కింపు వివరాలు ఎక్కించే ఎన్‌కోర్ అనే కంప్యూటర్ సిస్టంలోకి లాగిన్ అవడానికి, ఈవీఎంకి ఓటీపీ అనేదే లేదని రిటర్నింగ్ అధికారి చెప్పాక ఆ పత్రిక తప్పు ఒప్పుకుంది. అయినా ఆ కథ ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. 2024 హర్యానా ఎన్నికల తర్వాత బ్యాటరీ 99 శాతం చూపించిన యంత్రాల గొడవ కూడా ఇలాంటిదే. రోజంతా వాడాక 99 ఎలా ఉంటుందని కాంగ్రెస్ అడిగింది. వోల్టేజి ఒక స్థాయి కిందికి పడేదాకా తెర మీద 99 అనే చూపిస్తుందని, ఓట్ల లెక్కకూ బ్యాటరీ శాతానికీ సంబంధం లేదని ఈసీ జవాబు. అడగడంలో తప్పు లేదు. ఆ వివరం ముందే అందరికీ తెలిసేలా ఉంటే అంత దూరం వచ్చేదే కాదు.

## మైదుకూరు బూత్ నంబరు 63

ఇది నాకు మొత్తం చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన అనిపిస్తుంది, ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ.

పోలింగ్ రోజు పొద్దున, అసలు ఓటింగ్ మొదలవడానికి గంటన్నర ముందు, ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ పెడతారు. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూసి, చీటీలతో సరిపోల్చి, మెమొరీలోంచి ఆ ఓట్లు చెరిపేసి, వీవీప్యాట్ డబ్బాలోంచి ఆ చీటీలు తీసేసి నల్ల కవరులో సీలు వేయాలి. 2019లో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని 63వ పోలింగ్ స్టేషన్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్ మాక్ పోల్ డేటా చెరపడం మర్చిపోయారు. లెక్కింపు రోజు లాటరీలో తీసిన కొన్ని వీవీప్యాట్‌ల చీటీల్ని లెక్కపెట్టి యంత్రం లెక్కతో పోల్చడం తప్పనిసరి. ఆ తనిఖీకి ఈ యంత్రం వచ్చింది, చీటీల లెక్కకీ యంత్రం లెక్కకీ కుదరలేదు. ఎందుకని చూస్తే పొద్దుటి మాక్ ఓట్లు లోపలే ఉన్నాయి. 2019లో దేశవ్యాప్తంగా తనిఖీ చేసిన ఇరవై వేల పైచిలుకు వీవీప్యాట్‌లలో తేడా వచ్చింది ఈ ఒక్క చోటేనని 2024 తీర్పులో సుప్రీంకోర్టు నమోదు చేసింది.

ఈ ఒక్క సంఘటనని రెండు పక్షాలూ వాడుకోవచ్చు. ఈసీ వైపు నుంచి చూస్తే ఇరవై వేలలో ఒక్కటి, అదీ మనిషి మరపు, మోసం కాదు. రెండో వైపు నుంచి చూస్తే, ఆ తప్పు బయటపడింది ఆ యంత్రం లాటరీలో వచ్చింది కాబట్టే. రాకపోయి ఉంటే? చీటీల ద్వారా అయితే తెలిసేది కాదు. ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సీలో మొత్తం ఓట్ల సంఖ్య ఉంటుంది, దానితో పోల్చినప్పుడు తేడా కనిపించే అవకాశం ఉంది, అది కూడా ఏజెంటు దగ్గర కాగితం ఉండి, లెక్కింపు బల్ల దగ్గర జాగ్రత్తగా చూస్తేనే. మోసం కన్నా మామూలు పొరపాటే ఎక్కువసార్లు జరిగే ప్రమాదం ఉంటుంది, దాన్ని పట్టే ఏర్పాటే మోసాన్నీ పడుతుంది.

## ఐదు వీవీప్యాట్‌లు చాలా? ఒక లెక్క వేద్దాం

మొదట్లో ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్క వీవీప్యాటే లెక్కపెట్టేవాళ్లు. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు దాన్ని ఐదు చేసింది. అడిగింది సగం, ఇచ్చింది ఐదు. అప్పుడు ఈసీ చేతిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన అధ్యయనం ఉంది. దేశం మొత్తానికి 479 యంత్రాలు తనిఖీ చేసినా చాలని, మోసం గణనీయంగా ఉంటే దాదాపు కచ్చితంగా బయటపడుతుందని దాని సారాంశం. అలాంటప్పుడు ఇరవై వేలు లెక్కపెడుతుంటే ఇంకేం కావాలని అనిపిస్తుంది. గణితంలో తప్పు లేదు. తేడా అంతా ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాం అన్నదానిలో ఉంది.

ఒక అసెంబ్లీ సీటు తీసుకుందాం, ఊహించిన అంకెలే. 250 పోలింగ్ స్టేషన్లు. నిజానికి 1,000 ఓట్లతో గెలవాల్సిన అభ్యర్థిని ఓడించాలని ఎవరో 10 యంత్రాల్లో ఒక్కోదానిలో 60 ఓట్లు అటు నుంచి ఇటు మార్చారనుకోండి. ఒక ఓటు అటు తగ్గి ఇటు పెరిగితే తేడా రెండు మారుతుంది కాబట్టి ఒక్కో యంత్రానికి 120, పదింటికి 1,200. వెయ్యితో గెలవాల్సినవాడు 200తో ఓడిపోయాడు. ఇప్పుడు 250లోంచి లాటరీ తీసి ఐదు తనిఖీ చేస్తారు. ఆ ఐదింటిలో చెడిన పదింటిలో ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 81 శాతం. అంటే ఐదింట నాలుగుసార్లు మోసం దొరకదు. 50 యంత్రాలు తనిఖీ చేస్తే దొరక్కపోయే అవకాశం దాదాపు 10 శాతానికి పడిపోతుంది.

ఇప్పుడు ఇదే మోసం, అంతే శాతం యంత్రాల్లో, ఒక లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలోనూ జరిగిందనుకుందాం. తనిఖీ అయ్యేవి 35. దొరక్కపోయే అవకాశం దాదాపు 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లోనూ ఇలాగే చేశారనుకుంటే తనిఖీ అయ్యేవి 875, తప్పించుకునే అవకాశం సున్నా అనే చెప్పాలి.

కాబట్టి "రాష్ట్రమంతా ఈవీఎంలు మార్చేసి ప్రభుత్వాన్ని గెలిపించుకున్నారు" అనే ఆరోపణకి ఇప్పుడున్న ఐదు యంత్రాల తనిఖీయే గట్టి జవాబు, చీటీలు నిజాయతీగా ప్రింటయ్యి, లాటరీ నిజాయతీగా తీసినంతవరకు. "ఈ ఒక్క సీటులో పది బూతుల్లో ఏదో జరిగింది" అనే ఆరోపణకి మాత్రం ఐదు చాలవు. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఒక్క యంత్రంలోని పొరపాటు చాలు ఫలితం మారడానికి. లక్ష మెజారిటీ వచ్చిన చోటా ఐదే, పాతిక ఓట్ల తేడా ఉన్న చోటా ఐదే అన్నది ఈ నిబంధనలో అసలు లోపం అని నాకనిపిస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి వాడుతున్న పద్ధతిలో తనిఖీ సంఖ్య మెజారిటీని బట్టి ఉంటుంది, తేడా ఎక్కువుంటే కొన్ని పేపర్లు చూసి ఆపేస్తారు, తేడా తగ్గేకొద్దీ ఎక్కువ చూస్తారు, అనుమానం తీరకపోతే మొత్తం చేత్తో లెక్కపెడతారు.

## 2024 తీర్పు ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు

2024 ఏప్రిల్ 26న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం బ్యాలెట్ పేపరుకి వెనక్కి వెళ్లడానికి, చీటీలన్నీ లెక్కపెట్టడానికి, చీటీని ఓటరు చేతికిచ్చి డబ్బాలో వేయించడానికి ఒప్పుకోలేదు. రెండు కొత్త సంగతులు ఇచ్చింది. సింబల్ లోడింగ్ యూనిట్లను సీలు వేసి ఫలితాల తర్వాత 45 రోజులు భద్రపరచాలి. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా అడిగితే, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో 5 శాతం యంత్రాల మెమొరీని తయారీ సంస్థ ఇంజనీర్లు పరిశీలించాలి. ఖర్చు అడిగినవాడిది, ట్యాంపరింగ్ రుజువైతే డబ్బు వాపసు.

కాగితం మీద బాగుంది, అమల్లోనే చిక్కొచ్చింది. ఒక్కో సెట్టుకి జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలని ఈసీ నిర్ణయించింది. ఒంగోలులో ఓడిన అభ్యర్థి 12 పోలింగ్ స్టేషన్ల యంత్రాలకి 5,66,400 రూపాయలు కట్టారు. తీరా ఈసీ రాసుకున్న విధానం ప్రకారం అక్కడ చేస్తామన్నది మాక్ పోల్. పాత డేటా తీసేసి, కొత్తగా ఓట్లు వేసి, యంత్రం సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూపించడం. నేనడిగింది ఎన్నికల రోజు పడిన ఓట్లు సరిచూడమని, యంత్రం ఇవాళ పనిచేస్తోందా అని కాదు అంటూ ఆయన హైకోర్టుకెళ్లారు. మాక్ పోల్‌తో ప్రోగ్రాం మారలేదని తెలుస్తుందన్నది ఈసీ వైపు వాదన. అది ప్రోగ్రాం గురించి ఏదో చెబుతుంది, ఆ రోజు పడిన ఓట్ల గురించి ఏమీ చెప్పదు. 2025 ఫిబ్రవరిలో ఇదే విషయం సుప్రీంకోర్టు ముందుకొచ్చినప్పుడు, పరిశీలన పేరుతో డేటా చెరపొద్దు, కొత్త డేటా ఎక్కించొద్దు అని ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది.

పరిశీలించేది తయారు చేసిన సంస్థ ఇంజనీర్లే కావడం మీద కూడా అభ్యంతరాలున్నాయి. వాళ్లకే ఆ యంత్రం బాగా తెలుసన్నది నిజం. తన పనిని తానే దిద్దుకోవడం స్వతంత్ర తనిఖీ కాదన్నదీ నిజమే.

## సాఫ్ట్‌వేర్‌ని నమ్మకుండానే ఫలితాన్ని నమ్మడం

కంప్యూటర్ భద్రత మీద పనిచేసేవాళ్లు ఈ చిక్కుని ఎప్పుడో గుర్తించారు. రొనాల్డ్ రివెస్ట్, జాన్ వాక్ అనే ఇద్దరు 2006లో ఒక కొలమానం చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ కనిపించని తప్పు వల్ల ఫలితంలో ఎవరూ పట్టలేని మార్పు రాకూడదు. ప్రోగ్రాంలో దోషమే లేదని నిరూపించడం దాదాపు అసాధ్యం, లక్షల యంత్రాల విషయంలో మరీను. దోషం ఉన్నా సరే ఫలితాన్ని విడిగా సరిచూసుకునే రెండో దారి ఉంటే ఆ నిరూపణ అవసరమే ఉండదు. మన వీవీప్యాట్ ఆ రెండో దారే. కాకపోతే చీటీలు లెక్కపెట్టినప్పుడే అది దారి అవుతుంది, డబ్బాలో ఉన్నంతసేపూ ఉత్త కాగితం. అలాగే ఓటరు ఆ 7 సెకన్లు నిజంగా చూడాలి కూడా. చీటీ కనిపించేలా లోపల వెలిగే దీపం ఆరాక ఏం జరిగిందో ముదురు రంగు అద్దం వల్ల కనిపించదన్నది ఒక అభ్యంతరం, పారదర్శకమైన అద్దం కావాలని కోర్టులో అడిగారు కూడా.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఇంకా గట్టి గీత గీసింది. 2005 ఎన్నికల్లో వాడిన యంత్రాలు రాజ్యాంగ విరుద్ధమని 2009 మార్చిలో తీర్పిచ్చింది. మోసం జరిగిందని కాదు. ఓటింగ్‌లోనూ లెక్కింపులోనూ ముఖ్యమైన ప్రతి దశనీ సాంకేతిక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకోగలగాలి, ఈ యంత్రాలతో అది కుదరదు అన్నది కారణం. ఐర్లాండ్ 5 కోట్ల యూరోలకి పైగా ఖర్చు పెట్టి కొన్న యంత్రాల్ని చివరికి తుక్కు కింద అమ్మేసింది. ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు, ఆ యంత్రాలకి పేపరు చీటీ లేదు. మనవాటికి ఉంది. జర్మనీ తీర్పుని తెచ్చి నేరుగా మన ఈవీఎంల మీద పెట్టడం అందుకే పూర్తిగా కుదరదు.

వెనిజులా అనుభవం దీనికి ఇంకో వైపు. 2024 జులై 28న జరిగిన అధ్యక్ష ఎన్నికలో అక్కడి యంత్రాలు ప్రతి పోలింగ్ కేంద్రంలో ఫలితాల పత్రాన్ని ప్రింట్ చేసి ఏజెంట్లకి ఇచ్చాయి. అక్కడి ఎన్నికల సంఘం అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న మదురో గెలిచాడని ప్రకటించింది, కేంద్రాల వారీ లెక్కలు మాత్రం బయటపెట్టలేదు. ప్రతిపక్షం 80 శాతానికి పైగా పత్రాలు పోగేసి ఆన్‌లైన్‌లో పెట్టి, తమ అభ్యర్థే గెలిచాడని చూపించింది. యంత్రాలు ఫలానా అంకెలు ఇచ్చాయనడానికి ఏజెంట్ల చేతిలోని కాగితాలే సాక్ష్యం అయ్యాయి. అయినా అప్పుడు అధికారం మారలేదన్నది వేరే సంగతి, సాక్ష్యం ఉండటం ఒకటి, దాన్ని విని తీర్పు చెప్పే స్వతంత్ర సంస్థ ఉండటం ఇంకొకటి.

## ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది

మనకి జవాబుదారీ ఏర్పాట్లు లేవని కాదు, కొన్ని బలంగానే ఉన్నాయి. యంత్రాల్ని రెండు విడతల్లో కంప్యూటర్ లాటరీతో కేటాయిస్తారు, ఏ యంత్రం ఏ బూతుకి వెళ్తుందో ముందే ఎవరికీ తెలియదు. స్ట్రాంగ్ రూముకి తమ సీలు కూడా వేసుకునే వీలు పార్టీలకు ఉంది, బయట కాపలా కూర్చోవచ్చు. అభ్యర్థి అడిగితే మరిన్ని వీవీప్యాట్‌లు లెక్కపెట్టించే అధికారం ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 56డి కింద రిటర్నింగ్ అధికారికి ఉంది, యంత్రం లెక్కకీ చీటీల లెక్కకీ తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుంది. ఫలితాన్ని సవాలు చేస్తూ 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు.

మామూలు ఓటరు దగ్గరికొచ్చేసరికి పరిస్థితి వేరు. నేను ఒకరికి నొక్కితే చీటీ మీద ఇంకొకరు వచ్చారని ఎవరైనా అంటే, 49ఎంఏ నిబంధన ప్రకారం రాసిచ్చి సంతకం పెట్టాలి, ఏజెంట్ల ముందు ఒక పరీక్ష ఓటు వేయాలి. ఈసారి సరిగ్గా వస్తే ఫిర్యాదు అబద్ధమని, ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వీవీప్యాట్ వచ్చాక 118 కోట్లకు పైగా ఓట్లు పడితే ఇలాంటి ఫిర్యాదులు పాతిక దాకా మాత్రమే వచ్చాయని, అన్నీ తప్పని తేలాయని ఈసీ కోర్టుకి చెప్పింది. ఫిర్యాదులు తక్కువ కాబట్టి యంత్రాలు బాగున్నాయని ఒక వాదన. జైలు అన్న మాట వింటే ఎంత మంది ముందుకొస్తారు, పైగా తప్పు ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే రకమైతే రెండోసారి నొక్కినప్పుడు అది రాకపోవచ్చు కదా అన్నది ఇంకో వాదన. అల్లరి కోసం పోలింగ్ ఆపించేవాళ్లని అదుపులో పెట్టడానికి ఏదో ఒక శిక్ష కావాలన్నదీ తీసిపారేయలేం. కానీ అబద్ధం చెప్పినవాడినీ, నిజంగా పొరబడినవాడినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఇంకో పక్క రికార్డులు బయటివాళ్లకి అందడం తగ్గుతోంది. 2024 డిసెంబరులో నిబంధన 93 మార్చి సీసీటీవీ ఫుటేజీ వంటి ఎలక్ట్రానిక్ రికార్డులు ప్రజలు పరిశీలించడానికి వీల్లేకుండా చేశారు. 2025 మేలో ఆ ఫుటేజీని ఫలితాల తర్వాత 45 రోజులే ఉంచి, పిటిషన్ లేకపోతే తీసేయొచ్చన్నారు. ఓటర్ల గోప్యత కాపాడాలి, ఎవరు ఓటేశారో ఎవరు వేయలేదో చూసి బెదిరించే ప్రమాదం ఉందన్నది ఈసీ కారణం. చిన్న ఊళ్లో ఉండేవాళ్లకి ఆ భయం నిజమైనదే. అయితే పిటిషన్ వేయడానికి ఉన్న గడువూ 45 రోజులే, ఆధారం చూడకుండా పిటిషన్ వేయలేరు, పిటిషన్ వేయకపోతే ఆధారం మిగలదు.

## మరి బ్యాలెట్ పేపరే మేలా

పేపరు రోజులు చూసినవాళ్లకి బూత్ క్యాప్చరింగ్ గుర్తుండే ఉంటుంది. కాసేపట్లో కట్టలకి కట్టలు గుద్ది డబ్బాలో వేసేసేవాళ్లు. ఈవీఎంలో నిమిషానికి నాలుగుకి మించి ఓట్లు పడవు, కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్ మీట నొక్కితే ఇక ఒక్క ఓటూ ఎక్కదు. చెల్లని ఓట్ల బెడద కూడా పోయింది. మన దగ్గర పేపరు పూర్తిగా పోలేదు కూడా, 2020 జీహెచ్ఎంసీ, 2021 ఆంధ్రప్రదేశ్ పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు పేపరుతోనే జరిగాయి. పేపరు వాడినంత మాత్రాన గొడవలు తగ్గిపోలేదు. పేపరుతో జరిగే మోసం ఒక్కో బూతులో, నలుగురి కళ్ల ముందు జరుగుతుంది, యంత్రంతో జరిగితే ఎవరికీ కనపడకుండా జరుగుతుందన్నది పేపరు కోరేవాళ్ల వాదనలో బలమైన భాగం. చీటీలన్నీ లెక్కపెడితే ఆ భయానికీ చాలావరకు జవాబు దొరుకుతుంది. అలా చేస్తే లెక్కింపు రోజుల తరబడి సాగుతుందని, చేత్తో లెక్కపెట్టడంలోనే పొరపాట్లు వస్తాయని ఈసీ అంటుంది. ఈ అభ్యంతరానికి 2024 తీర్పే ఒక దారి సూచించింది, చీటీలని యంత్రంతో లెక్కపెట్టడం, దానికోసం చీటీ మీద గుర్తుతో పాటు పార్టీకో బార్‌కోడ్ వేయడం కుదురుతుందేమో చూడమంది.

ఇన్ని తీర్పులు, ఇన్ని సవరణలు జరిగినా నిబంధనల్లో ఒక ఖాళీ అలాగే ఉంది. తనిఖీ చేసిన ఐదు యంత్రాల్లో ఒకదానిలో తేడా వస్తే ఆ ఒక్క బూతు వరకు చీటీల లెక్క తీసుకుంటారు. కానీ ఐదింటిలోనే ఒకటి తేడా వచ్చిందంటే పైన ఊహించిన సీటులోని 250లో తనిఖీ చేయని 245 సంగతేంటి, వాటి చీటీలు కూడా లెక్కపెట్టాలా, ఎన్ని లెక్కపెట్టాలి, ఎవరు నిర్ణయించాలి? దీనికి రాసిపెట్టిన నియమం లేదు. ఆ రోజు రిటర్నింగ్ అధికారి విచక్షణే.